చిన్నపాప భూస్థాపనకు పాత లాటిన్ పద్ధతిలో ఏ సంగీతం తగినది?

ప్రశ్న

మా తమ్ముడి కూతురు నాలుగో ఏట కన్నుమూసింది. వాళ్లు టెక్సస్‌లో డల్లాస్ దగ్గర ఉంటూ, పాత పద్ధతిలో లాటిన్ పూజ జరిగే కతోలిక విచారణకే (గుడికే) వెళుతున్నారు. పాప జ్ఞానస్నానం కూడా అక్కడే జరిగింది. శనివారం ఉదయం భూస్థాపన. కన్నవాళ్లు ఏమీ ఆలోచించే స్థితిలో లేరు కాబట్టి, గుంటూరులో ఒకప్పుడు గుడి గాయకబృందంలో పాడినదాన్నని పాటల ఎంపిక నాకు అప్పగించారు. అక్కడ నలుగురు గాయకులు, ఒక ఆర్గన్ వాద్యకారుడు ఉన్నారు. నేను అనుకున్నవి ఇవి: ఫోరే రెక్వియం (మృతుల పూజకు కట్టిన సంగీతం)లోని ‘పీయే యేసు’, షూబర్ట్ ‘ఆవే మరియా’, సమాధికి తీసుకువెళ్లేటప్పుడు ‘ఇన్ పారదీసుమ్’, వాళ్లమ్మ పాపను నిద్రపుచ్చుతూ పాడే ఒక తెలుగు మరియమాత పాట.

ఫాదర్ గారు మాత్రం, ఇంత చిన్న పాపకు నల్లని వస్త్రాలూ మృతుల పూజా ఉండవనీ, తెల్లని వస్త్రాలతో దేవదూతల పూజ చేస్తాననీ, అందులో ‘గ్లోరియా’ అనే స్తుతిగీతం కూడా పాడతారనీ చెప్పారు. ఊళ్లో మా నాన్నగారు, ఆత్మశాంతికి పూజ పెట్టకపోవడమేమిటని బాధపడుతున్నారు. పాప అమ్మమ్మ వైపువాళ్లు లూథరన్లు. వాళ్లకు లాటిన్ బొత్తిగా కొత్త. ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి?

జవాబు (చికాగో నుంచి ఒక గాయకుడు)

మీ కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి. ముందు మీ నాన్నగారి సందేహం తీరితే, పాటల సంగతి చాలావరకు దానంతటదే తేలుతుంది. జ్ఞానస్నానం పొంది, మంచిచెడ్డలు తెలిసే వయసు, అంటే సుమారు ఏడేళ్లు, రాకముందే చనిపోయిన బిడ్డకు మరణం తరువాత ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందవలసిన పాపమేదీ ఉండదని శ్రీసభ విశ్వాసం. 1614 నాటి రోమన్ ఆచారగ్రంథంలో పిల్లల భూస్థాపనకు వేరే క్రమం ఉన్నది ఇందుకే. అందులోని ఒక ప్రార్థన, ఇలాంటి పిల్లలకు దేవుడు తక్షణమే నిత్యజీవం ఇస్తాడనీ, ఈ బిడ్డకు ఈ రోజే ఇచ్చాడని నమ్ముతున్నామనీ స్పష్టంగా చెబుతుంది. ఆ పూజను కన్నవాళ్ల ఓదార్పు కోసం అర్పించమని మీ నాన్నగారే ఫాదర్ గారిని కోరవచ్చు. ఆయన మనసుకు కొంత ఊరట కలుగుతుంది.

అందువల్ల ‘పీయే యేసు’ ఇక్కడ కుదరదు. ఆ రాగం ఎంత లేతగా ఉన్నా, అందులోని మాటలు మృతులకు విశ్రాంతినిమ్మని వేడుకునేవి. అవి మృతుల పూజలో పాడే ‘దియేస్ ఇరే’ గీతం చివరి పాదాల నుంచి వచ్చినవి. ‘ఇన్ పారదీసుమ్’ కూడా పెద్దల క్రమంలోనిదే. పిల్లల క్రమంలో దాని స్థానంలో ఉన్నది స్తుతి. లాటిన్ బైబిల్ లెక్కలో 112వ కీర్తన ఇంటి దగ్గర, 118వది దారిలో, 23వది గుడిలో, 148వది సమాధికి వెళ్లేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు అగ్నిగుండంలో ముగ్గురు యువకులు పాడిన గీతం. మన తెలుగు బైబిళ్లలో మొదటి మూడింటి సంఖ్యలు 113, 119, 24 అవుతాయి, 148 మారదు. ప్రతి కీర్తన చివరా నిత్యవిశ్రాంతి కోరే ‘రెక్వియెం ఎతెర్నమ్’ బదులు త్రిత్వస్తుతి అయిన ‘గ్లోరియా పాత్రి’ వస్తుంది. ఈ కీర్తనలను నలుగురు గాయకులు సాదా స్వరంలో పాడితే చాలు, పైన ఏ అలంకారమూ అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. దేవదూతల పూజ అంటే ‘బెనెదీచితే దోమినుమ్’ అనే ప్రవేశగీతంతో మొదలయ్యే ప్రత్యేక పూజ. కిరియాలె అనే పూజారాగాల పుస్తకంలో ‘దే ఆంజెలిస్’ అని పిలిచే ఎనిమిదో పూజ కిరియే, గ్లోరియా, సాంక్తుస్, ఆగ్నుస్ దేయి రాగాల వరుస మాత్రమే. రెండూ కలిపి పాడవచ్చు, చాలామందికి నోటికి వచ్చినవి కాబట్టి బాగుంటుంది కూడా, కానీ ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. ఆ రోజున పెద్ద పండుగ ఏదైనా పడితే దేవదూతల పూజకు వీలుండకపోవచ్చు. ఫాదర్ గారిని అడిగి ఖరారు చేసుకోండి.

జవాబు (ఆర్గన్ వాయించే ఒక సోదరి)

షూబర్ట్ గురించి నా మాట కొంచెం కటువుగా తోచవచ్చు. 1825లో ఆయన ఆ పాటను వాల్టర్ స్కాట్ కావ్యంలోని ఒక పాత్ర పాడే ప్రార్థనకు కట్టారు. లాటిన్ జపం మాటలను దానికి తరువాత అతికించారు. కచేరీలో అది నాకూ ఇష్టమే. కానీ పదో పియుసు పోపుగారు 1903లో గ్రెగోరియన్ గానాన్ని (శ్రీసభ ప్రాచీన ఏకస్వర లాటిన్ గానాన్ని) పూజా సంగీతానికి కొలమానంగా నిలిపినప్పుడు ఉద్దేశించిన గుణం అందులో కనబడదు. గ్రెగోరియన్ ‘ఆవే మరియా’ రెండు నిమిషాలైనా పట్టదు. నైవేద్యగీతం అయిన తరువాత దాన్ని పాడించండి. దివ్యసత్ప్రసాద సమయంలో మొజార్ట్ ‘ఆవే వేరుమ్’ (1791) నలుగురికి సరిపోతుంది. ఒక్క గొంతే మిగిలితే ‘పానిస్ ఆంజెలికుస్’ ఉంది. దేవదూతల భోజనం గురించిన ఆ మాటలు పునీత తోమాసు అక్వీనాసువి కనుక ఈ పూజలో అతికినట్టు ఉంటాయి. మృతుల పూజలో ఆర్గన్‌పై ఉండే కట్టుబాటు ఇక్కడ ఉండదు, ధారాళంగా వాయించవచ్చు.

తెలుగు పాటకు పాడుపూజలో (గానంతో జరిపే పూజలో) చోటు దొరకదు: 1958 నాటి రోమన్ సూచనల ప్రకారం అందులో పాడేది లాటినే. పాడని సాదా పూజ అయితే సందర్భానికి తగిన మాతృభాషా గీతాలకు వీలుంది. నాకైతే పాడుపూజ ఉంచి, తెలుగు పాటను సమాధి దగ్గర క్రమం ముగిశాక పాడడమే మంచిదనిపిస్తుంది. లూథరన్ బంధువులకు కూడా తమ కీర్తన ఒకటి పాడుకునే అవకాశం అక్కడే ఇవ్వండి.

జవాబు (కొడుకును ఇదే పద్ధతిలో సాగనంపిన తండ్రి)

పైవారు చెప్పినదంతా సరైనదే, కానీ ఆ ‘గ్లోరియా’ గురించి కన్నవాళ్లకు ముందే చెప్పండి. ఎవరూ చెప్పకపోవడం వల్ల, గాయకులు ఆ గీతం ఎత్తుకున్న క్షణంలో నా భార్య నా చేయి పట్టుకుని, వీళ్లకు మన బాధ తెలియదా అని అడిగింది. తరువాత మా ఫాదర్ గారు, స్తుతించే భారం గాయకులది, ఏడ్చే హక్కు మీదని చెప్పాక గానీ ఆమె కుదుటపడలేదు. గంటలు మోగిస్తే విషాదంగా కాక పండుగ ధ్వనితో మోగించమని ఆ క్రమంలోనే ఉంది. అది కూడా ముందుగా తెలియకపోతే గుండెలో గుచ్చుకుంటుంది.

తెలుగు పాట విషయంలో సోదరి గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. అది తల్లి బిడ్డకు పాడిన పాట. దాన్ని నలుగురిలో ఎవరో అందుకుంటే ఆమె తట్టుకోగలదో లేదో ఆమెనే అడగండి. వద్దంటే ముందురోజు రాత్రి ఇంట్లో, పాప పక్కన, ఆమె ఇష్టమొచ్చినట్టు పాడుకోనివ్వండి. ఎక్కడా పాడనన్నా సరే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఫోరే, షూబర్ట్ పాటలను తీసివేశాను, ‘ఇన్ పారదీసుమ్’ కూడా. శనివారం దేవదూతల పూజకు అడ్డేమీ లేదని ఫాదర్ గారు చెప్పారు. మరదలు ఆ పాట ఇంట్లోనే పాడుకుంటానంది. కీర్తనల తెలుగు పాఠాన్ని మన సంఖ్యలతో అచ్చువేయిస్తున్నాను. ముగ్గురు యువకుల గీతం లూథరన్ల బైబిల్‌లో ఉండదు కాబట్టి దాన్ని మాత్రం కతోలిక బైబిల్ నుంచి పూర్తిగా దింపి ఇస్తున్నాను. నాన్నగారికి మొదటి జవాబు చదివి వినిపించాను. తమ్ముడి పేర, మరదలి పేర పూజ పెట్టించమన్నారు.