కొత్త రివాల్వర్, 30 తూటాల్లో ఏడు పేలలేదు. ఎవరికి చూపించాలి?

కర్నూలు రోడ్డు బంకు:

అందరికీ నమస్కారం. ఒంగోలు నుంచి పొదిలి పోయే దారిలో, చీమకుర్తి దాటాక మాకు పెట్రోలు బంకు ఉంది. గ్రానైట్ లారీల వాళ్లు డీజిల్ కొట్టించుకుని నోట్ల కట్టలు లెక్కపెట్టి ఇచ్చే రోజుల్లో తుపాకి లైసెన్సుకు అప్లై చేశాను. అది చేతికొచ్చేసరికి లారీ క్లీనర్ కూడా ఫోన్ తీసి స్కాన్ చేస్తున్నాడు. సరే, వచ్చిన లైసెన్సు వదులుకోవడం ఎందుకని మూడు నెలల కింద .32 రివాల్వర్ కొన్నాను. సరికొత్తది. నా ముందే డబ్బా విప్పారు.

మొన్న హైదరాబాద్ దగ్గర షూటింగ్ రేంజికి పోయి 30 తూటాలు కాల్చాను. ఏడు పేలలేదు. ట్రిగ్గర్ నొక్కితే టిక్ అంటుంది, అంతే. ఆ ఏడింటినీ మళ్లీ పెట్టి కొడితే నాలుగు పేలాయి, మూడు మొండికేశాయి. అమ్మినాయన్ని అడిగితే, "కొత్తది కదా సార్, ఒక వంద కాలిస్తే అదే సెట్ అవుద్ది" అంటాడు. నా లైసెన్సులో ఏడాదికి రాసిందే యాభై తూటాలు. ఈయన చెప్పినట్టు సెట్ అవ్వాలంటే రెండేళ్లు పట్టేట్టుంది.

మా బామ్మర్దేమో తెలిసిన లేత్ షాపు ఉంది, గట్టి స్ప్రింగు వేయిద్దాం అంటున్నాడు. లక్ష పైన పోసి బొమ్మ తుపాకి కొన్నారని మా ఆవిడ వచ్చినోళ్లందరికీ చెబుతోంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కావలి కుర్రాడు:

అన్నా, కొత్తవన్నీ అంతే. మా పెదనాన్న దాని ట్రిగ్గర్ మొదట్లో రాయిలా ఉండేది, వాడగా వాడగా మెత్తబడింది. వేరే బ్యాచ్ తూటాలు తెచ్చి చూడు. టెన్షన్ పడొద్దు.

ఉదయగిరి ఆర్మరర్:

ట్రిగ్గర్ మెత్తబడటం వేరు, తూటా పేలకపోవడం వేరు. రెండూ ఒక గాటన కట్టొద్దు అబ్బాయ్.

నేను ఆర్మీ రిపేరు విభాగం ఈఎంఈలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా చేసి, రిటైరై ఊరికొచ్చి కూర్చున్నాను. బంకాయనా, ఆ పేలని మూడు తూటాలు పారేయలేదు కదా? వాటి అడుగున ప్రైమర్ మీద, అంటే దెబ్బ తగలగానే మందుని అంటించే చిన్న బిళ్ల మీద, పిన్ను కొట్టిన గుంట ఉంటుంది. పేలిన తూటా ఖాళీ గుల్ల ఒకటి పక్కన పెట్టి ఎండలో చూడండి. గుంట సరిగ్గా మధ్యలో ఉండి లోతు తక్కువైతే హామర్ (ట్రిగ్గర్ నొక్కితే వెనకనుంచి పడే సుత్తి) దెబ్బలో బలం లేదు. స్ప్రింగు కావచ్చు, లేదా ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు పిన్ను దారిలో గడ్డకట్టి ఉండొచ్చు. గ్రీజే అయితే శుభ్రం చేస్తే పోతుంది. గుంట లోతుగానే ఉండి పేలకపోతే తూటాని అనుమానించాలి. గుంట పక్కకి జరిగి ఉంటే మాత్రం అసలు సంగతి వేరే. సిలిండర్ (తూటాలు పెట్టే ఆరు గదులతో తిరిగే భాగం) పూర్తిగా తిరగకముందే హామర్ పడిపోతోందన్నమాట.

ఇంకో పని. రివాల్వర్ తెరిచి ఆరు గదులూ ఖాళీ అని కంటితో చూసి, వేలు పెట్టి చూసి, తూటాల డబ్బా వేరే గదిలో పెట్టి రండి. సిలిండర్ మీద మార్కర్‌తో 1 నుంచి 6 దాకా నంబర్లు వేయండి. గొట్టాన్ని గట్టి గోడ వైపు పెట్టి, ఒక వేలు సిలిండర్‌కి కొంచెం ఆనించి, బొటనవేలితో హామర్‌ని మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి లాగండి. హామర్ నిలబడే లోపే సిలిండర్ టక్కున లాక్ అవ్వాలి. హామర్ నిలబడ్డాక కూడా సిలిండర్ ఇంకాస్త ముందుకి కదులుతోందంటే ఆ నంబరు రాసుకోండి.

మెల్లగా అని ఎందుకు అంటున్నానంటే, తప్పు దాక్కునేదే వేగంలో. గబగబా లాగితే సిలిండర్ తన ఊపుకి తానే పోయి లాక్ అవుతుంది. ఫ్యాక్టరీలో చూసేవాడూ, షాపులో చూపించేవాడూ టకటకా ఆరుసార్లు నొక్కి బ్రహ్మాండం అంటారు. సిలిండర్ వెనక ఉండే ఆరు పళ్లూ, వాటిని తోసే కొక్కెం ఒకదానికొకటి సరిపోవాలి. ఒక పన్ను వెంట్రుకంత అరిగినట్టు కోసినా ఆ గది ఒక్కటే మొరాయిస్తుంది. మిగతా అయిదూ సాక్షాత్తు సత్యహరిశ్చంద్రుల్లా ఉంటాయి.

అలాంటిదైతే వంద కాల్చడం మాట మర్చిపోండి. గది గొట్టానికి ఎదురుగా లేకపోతే బుల్లెట్ అంచు చెక్కుకుని సీసం ముక్కలు పక్క సందులోంచి ఎగురుతాయి. పక్కన నిలబడినవాడి కంటికి ప్రమాదం. ఇంకోటి, టిక్ అనగానే తెరవకండి. గురి వైపే పట్టుకుని అర నిమిషం ఆగాలి, ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. 'టుస్సు'మని నీరసంగా పేలితే ఇంక రెండోది కాల్చనే వద్దు. బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు.

నెల్లూరు జూనియర్ లాయర్:

లేత్ షాపు ఆలోచన ఇక్కడితో ఆపేయండి సార్. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం తుపాకుల రిపేరుకి వేరే లైసెన్సు ఉండాలి. మీ బామ్మర్ది స్నేహితుడు కూడా ఇరుక్కుంటాడు. పొలంలో కాల్చి చూద్దాం అని కూడా అనుకోవద్దు. ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా కాలిస్తే, 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

హైదరాబాద్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, మీ లైసెన్సు ఏరియా మన రాష్ట్రం వరకేనా, దేశమంతానా? ముందు అది చూసుకోండి.

సరిచేయకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద మీరు నివాసం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. అంటే ఒంగోలులోనే. గడువు రెండేళ్లు. షాపుతో ఇకమీదట ఫోన్లో మాట్లాడకండి, రాసి పంపండి.

కర్నూలు రోడ్డు బంకు:

లైసెన్సు దేశమంతటికీ ఉంది, బతికాను.

బాబాయ్, మీరు చెప్పినట్టే చేశాను. మూడు తూటాల మీదా గుంట పక్కకే ఉంది. నంబర్లు వేసి లాగితే 1, 3, 4, 6 బాగున్నాయి. 2, 5 మాత్రం హామర్ నిలబడ్డాక కూడా వేలితో తోస్తే కదులుతున్నాయి. పదిసార్లు చేశాను, పదిసార్లూ ఆ రెండే.

నిన్న షాపుకి పట్టుకెళ్లాను. ఆయన మీరన్నట్టే టకటకా ఆరుసార్లు నొక్కి, ఏముంది సార్ అన్నాడు. మెల్లగా లాగమన్నాను. రెండో నంబరు దగ్గర ఆగిపోయాడు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాడు. కుర్రాడికి టీ తెమ్మని చెప్పి, ఫ్యాక్టరీకి పంపిస్తాం అన్నాడు. వస్తువు తీసుకున్నట్టు రసీదు ఇచ్చాడు.

ఉదయగిరి ఆర్మరర్:

మంచిది. తిరిగి వచ్చినప్పుడు కౌంటర్ మీదే ఆరూ మెల్లగా లాగి చూసి, అప్పుడే సంతకం పెట్టండి. రసీదులో రివాల్వర్ నంబరు లైసెన్సులో ఉన్న నంబరుతో సరిపోయిందా?

కర్నూలు రోడ్డు బంకు:

ఇప్పుడే తీసి చూశాను బాబాయ్. 8 ఉండాల్సిన చోట 3 రాశాడు. రేపు మళ్లీ పోవాలి.