తడిపార్ చేస్తే కత్తులు ఆగుతాయా?

బల్లార్షావాసి:
మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని మా బల్లార్షాలో కత్తి గొడవల్లో మా గల్లీ కుర్రాణ్ని ఏడాది తడిపార్ చేశారు. అంటే జిల్లాలో అడుగు పెట్టొద్దని పంపేయడం, 1951 నాటి మహారాష్ట్ర పోలీసు చట్టం కింద రెండేళ్ల దాకా పంపొచ్చు. పీడా పోయిందనుకున్నాం. వాడు పోయింది ఎక్కడికి? కాగజ్‌నగర్‌లో మేనమామ ఇంటికి! వాళ్లమ్మ ఆదివారం ఆదివారం టిఫిన్ డబ్బాకి గుడ్డ చుట్టుకుని రైలెక్కుతుంది, అదే రైల్లో వాడి గ్యాంగ్ పిల్లలు కూడా. మన తలనొప్పి తెలంగాణకు పార్సిల్ చేశామంతే కదా?

కోల్సా భాయ్:
అన్నా, మీ గల్లీకి కంటినిండా నిద్ర పడుతోందా లేదా, అది చెప్పు ముందు. చంద్రపూర్ జిల్లాలో 2015లో దారూబందీ, అంటే మద్యనిషేధం పెట్టారు, మా బస్తీలో దొంగసరుకు మోసిన పిల్లలకి పైసలు, కొయ్‌తాలు (వెదురు కొట్టే పొడవాటి కత్తులు) రెండూ అప్పుడే చేతికొచ్చాయి. 2021లో బందీ ఎత్తేశారు, కొయ్‌తా మాత్రం దిగలేదు. ఎంపీడీఏ, అంటే మహారాష్ట్ర ముందస్తు నిర్బంధ చట్టం పెట్టి ఏడాది లోపలేస్తే తప్ప దారికి రారు.

వెదురు బజార్:
అసలు కత్తులు అమ్మడమే ఆపాలని మొన్నొకాయన మా కొట్టు ముందే అరిచాడు. 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటితే లైసెన్స్ కావాలని ఆయుధాల నియమాల్లో ఉంది, కానీ ఇంటిపనికి, పొలంపనికి చేసినవాటికి మినహాయింపు. నా దగ్గర కొయ్‌తా కొనేవాడు వెదురు కొట్టడానికా, మనిషిని కొట్టడానికా, మొహమ్మీద రాసుంటుందా? బ్రిటన్‌లోని ఇంగ్లండ్, వేల్స్‌లో 2024 సెప్టెంబరు 24 నుంచి జాంబీ తరహా కత్తులు, అంటే సినిమాల్లోలా భయపెట్టే పెద్ద కత్తులు, ఇంట్లో ఉన్నా నేరమే. సరే, వంటింటి చాకుని ఏం చేస్తారు?

బల్లార్షావాసి:
అదే నేనూ అంటున్నా సేటూ. అదే బ్రిటన్‌లో, స్కాట్లాండ్‌లోని గ్లాస్గో పోలీసులు 2005లో ఈ కత్తి గొడవల్ని అంటురోగంలా చూడాలని ప్రత్యేక విభాగం పెట్టారు. 2008 నుంచి గ్యాంగ్ పిల్లల్ని కోర్టు హాల్లో కూర్చోబెట్టి, కత్తిపోట్లకి కుట్లేసే డాక్టరుతో, కొడుకుని పోగొట్టుకున్న తల్లితో మాట్లాడించారు. మానేస్తే చదువుకీ పనికీ సాయం చేస్తాం, ఇదిగో ఫోన్ నంబర్, మానకపోతే గ్యాంగ్ మొత్తాన్ని పడతాం అని మొహమ్మీదే చెప్పారు. అంటే బెదిరింపూ ఉంది భాయ్, ఉత్త బుజ్జగింపు కాదు. మన దగ్గర నోటీసు చేతిలో పెట్టి రైలెక్కించడమే, ఆ తర్వాత వాణ్ని పలకరించే దిక్కులేదు.

కోల్సా భాయ్:
పని ఇస్తారట, పని! మా గని కాంట్రాక్టు పనికి డిగ్రీ చదివినోళ్లే లైన్లో నిలబడుతున్నారు, కత్తి పట్టినోడికి ముందు ఇస్తే ఆ డిగ్రీవాడు ఏమనుకోవాలి?

బల్లార్షావాసి:
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటా. కానీ వీడి గడువు మార్చిలో తీరిపోతుంది. స్టేషన్లో దిగగానే వాణ్ని తీసుకెళ్లడానికి ఎవరొస్తారో గల్లీలో చిన్నపిల్లాడికీ తెలుసు, ఆ బండికి నంబర్ ప్లేటు కూడా లేదు.