ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఎలా రాస్తే వింటారు? మన సరిహద్దు వాళ్లు చెప్పండి

పర్లాకిమిడి_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇక్కడ శుభలేఖలు రెండు భాషల్లోనూ వేయిస్తారు. కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో అలా రెండూ కలిపి టైపు చేసి పీడీఎఫ్ తీస్తే ఒత్తులన్నీ విడిపోతున్నాయి. ప్రాజెక్టు పేజీలో ఇష్యూ (సమస్య చెప్పే పోస్టు) పెడితే "వివరాలు చాలవు" అని ఒక్క ముక్క రాసి మూసేశారు. మళ్లీ రాయాలంటే టెన్షన్‌గా ఉంది.

రాయగడ_జంక్షన్:
ఏం రాశావో ఇక్కడ పెట్టు తమ్ముడూ.

పర్లాకిమిడి_కుర్రాడు:
"తెలుగు సరిగ్గా రావడం లేదు, అర్జంటుగా సరిచేయండి సర్" అని ఇంగ్లీషులో రాశాను. ఒక ఫొటో కూడా పెట్టాను.

బరంపురం_అక్క:
ఒక చిన్న ప్రాజెక్టుకి వచ్చే ఇష్యూలు నేను చూస్తుంటాను. అటువైపు కూర్చున్నవాళ్ల సంగతి చెప్తాను, విను.

నీ ఫొటో చూసిన మనిషికి తెలుగు రాదు. విరిగిన అక్షరమూ మంచి అక్షరమూ ఆయన కంటికి ఒక్కలాగే ఉంటాయి. ఏది తప్పో, ఎలా ఉండాలో పక్కపక్కన చూపించాలి. ఫొటో ఒక్కటే చాలదు, ఆ తెలుగు పాఠాన్ని కాపీ చేసి అతికించు. అప్పుడే ఆయన తన కంప్యూటర్‌లో వేసి చూసుకోగలడు. ఇలా రాయి:

"వెర్షన్ ఫలానా, ఉబుంటు ఫలానా, ఫాంటు లోహిత్ తెలుగు. కొత్త ఫైలు తెరిచి ఒక లైనులో 'శ్రీరస్తు' అని, పక్కనే ఒక ఒడియా మాట టైపు చేశాను. స్క్రీన్ మీద బాగుంది. పీడీఎఫ్‌లో మాత్రం 'శ్‌రీరస్‌తు' అని వస్తోంది. ఒడియా మాట తీసేస్తే సరిగ్గా వస్తోంది. చిన్న నమూనా ఫైలు జతచేశాను."

ఒడియా తీసేస్తే ఏమవుతుందో ముందు నువ్వే చూసుకో, ఏం కనబడితే అదే రాయి. ఆ ఒక్క వాక్యంతో వాళ్లకి సగం వెతుకులాట తప్పుతుంది. ఇంగ్లీషులో వ్యాకరణం తప్పులుంటే ఎవరూ పట్టించుకోరు. చిన్న చిన్న వాక్యాలు రాయి, చాలు.

"అర్జంటు" మాత్రం తీసెయ్. చాలామంది ఆఫీసు పని అయ్యాక, పిల్లలు పడుకున్నాక జీతం లేకుండా చేస్తున్నారు. మూసేసిన ఇష్యూ అంటే తలుపులు మూసినట్టు కాదు. కొత్తది తెరవకుండా దాని కిందే ఈ వివరాలు రాసి, మళ్లీ తెరవమని అడుగు.

సిరోంచ_ప్రాణహిత:
మాది గడ్చిరోలి జిల్లా చివర. తమ్ముడూ, లింకు ఇస్తే మన గ్రూపు వాళ్లమందరం వెళ్లి "నాకూ ఇదే సమస్య" అని రాస్తాం. అప్పుడు కదలరా?

బరంపురం_అక్క:
వద్దు అన్నయ్యా, దయచేసి ఆ పని చేయకండి. మీరు పెట్టే ప్రతి కామెంటూ ఆ ఇష్యూని గమనిస్తున్న వాళ్లందరికీ మెయిల్‌గా వెళ్తుంది. ఇలాంటి "ప్లస్ వన్" కామెంట్లతో వేగలేకపోతున్నామని 2016 జనవరిలో చాలామంది మెయింటైనర్లు (ప్రాజెక్టులు చూసుకునేవాళ్లు) కలిసి, ఇలాంటి ప్రాజెక్టులు ఉంచే సైటు గిట్‌హబ్‌కి బహిరంగ లేఖ రాశారు. ఆ మార్చిలోనే కామెంటు రాయకుండా నొక్కే రియాక్షన్ బొమ్మలు వచ్చాయి. మీకూ అదే సమస్య ఉంటే మొదటి పోస్టు కింద బొటనవేలు నొక్కండి. మీ దగ్గర వేరే ఫాంటులో, విండోస్‌లో కూడా వస్తోందంటే అది కొత్త సమాచారం, తప్పకుండా రాయండి.

రాయగడ_జంక్షన్:
ఇంకో అలవాటు మనవాళ్లలో ఎక్కువ. నలుగురిలో అడగడానికి మొహమాటపడి మెయింటైనర్‌కి విడిగా మెసేజ్ పెడతారు. జవాబు వచ్చినా అది ఒక్కడికే ఉపయోగం. రేపు కోరాపుట్‌లోనో నాందేడ్‌లోనో ఇంకొకడికి అదే వస్తే మళ్లీ మొదటికే. సెక్యూరిటీ లోపం దొరికితే మాత్రం బయట పెట్టకుండా, ప్రాజెక్టు వాళ్లు దానికని ఇచ్చిన చిరునామాకే రాయాలి.

పాత_లినక్స్:
మర్యాద అంతా అడిగేవాళ్లదేనా? "వివరాలు చాలవు" అని మూసేసేముందు ఏ వివరం కావాలో ఒక లైను రాస్తే ఏం పోయింది? లినక్స్ కెర్నల్‌లో (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కోడ్) దాన్ని మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ తిట్లు ఎన్నేళ్లు నడిచాయో తెలిసిందే. 2018 సెప్టెంబరులో ఆయనే తన మాటతీరుకి క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకి తప్పుకున్నారు. ఆ నెలలోనే కెర్నల్‌కి కంట్రిబ్యూటర్ కవనెంట్ అనే నమూనా నియమాల ఆధారంగా ప్రవర్తనా నియమావళి వచ్చింది. కొత్త కుర్రాళ్లు భయపడి మానేస్తే నష్టం ప్రాజెక్టుకే.

బరంపురం_అక్క:
నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. ఆ ఇష్యూ మూసిన తీరు నాకూ నచ్చలేదు. కానీ తమ్ముడు మళ్లీ రాసేటప్పుడు ఆ కోపం అందులో రాకూడదు. మనిషిని కించపరిస్తే నియమావళి ప్రకారం ఫిర్యాదు చేయొచ్చు. ఇది విసుగుతో రాసినట్టుంది, అవమానించాలని కాదు.

పాత_లినక్స్:
అదీ నిజమే. తమ్ముడూ, కెర్నల్ లాంటి మెయిలింగ్ లిస్టుల్లోకి (సభ్యులందరికీ మెయిలు వెళ్లే చర్చల్లోకి) వెళ్తే ఇంకోటి గుర్తుపెట్టుకో. మెయిలు హెచ్‌టీఎంఎల్‌లో కాకుండా ప్లెయిన్ టెక్స్ట్‌లో, అంటే రంగులూ హంగులూ లేని ఉత్త అక్షరాల్లో పంపాలి. జవాబు పైన రాయకూడదు. అవతలివాళ్ల మాటల్లో అవసరమైన ముక్క ఉంచి, దాని కింద రాయాలి.

పర్లాకిమిడి_కుర్రాడు:
అక్కా, మీరు చెప్పినట్టే రాశాను. ఒడియా తీసేసి చూస్తే నిజంగానే సరిగ్గా వచ్చింది! ఇష్యూ మళ్లీ తెరిచారు. వేరే తెలుగు ఫాంటుతో కూడా చూడమన్నారు, మందలి ఫాంటు పెట్టి చూసి ఇప్పుడే చెప్పాను. ఇక వాళ్లు ఏమీ అనకపోతే ఎన్నాళ్లకి గుర్తుచేయొచ్చు?

పాత_లినక్స్:
కెర్నల్‌లో ప్యాచ్ (కోడ్ సవరణ) పంపినవాళ్లకే కనీసం వారం ఆగమంటారు. ఇక్కడ రెండు మూడు వారాలు ఆగు. ఈలోగా కొత్త వెర్షన్ వస్తే దాంట్లోనూ చూసి, "ఈ వెర్షన్‌లోనూ అలాగే ఉంది" అని రాయి. ఉత్తినే "ఏమైంది సర్" అని అడగొద్దు.

సిరోంచ_ప్రాణహిత:
నేను విండోస్‌లో తెలుగు, మరాఠీ కలిపి చూశాను. ఇక్కడా "శ్రీ" విడిపోతోంది. ఫైలు, వెర్షన్ నంబరు అక్కడే పెడుతున్నాను.