జవనికా, యవనికా?

బందరు కాలువ: ఆదివారం బెజవాడలో మా కాలనీ పిల్లలకి నాటకం అంటే ఏమిటో ఓ గంట చెప్పాలి. వస్తువు (కథ), నేత (నాయకుడు), రసం దాకా రాసుకున్నాను, దశరూపకం రాసిన ధనంజయుడి పుణ్యం. రంగస్థలం దగ్గరికి వచ్చేసరికి తాతయ్య చదివే భాగవత వాక్యం ఒకటి నోట్లో సగమే ఆడుతోంది: '... మఱువున నాట్యంబు సలుపు నటుని చందంబున'. కుంతి కృష్ణుణ్ణి స్తుతించే చోటు. తెర అనే అర్థంలో వచ్చే ఆ మొదటి మాట జవనికా, యవనికా? అలాగే అంకం, రంగం తేడా పిల్లలకి ఎలా చెప్పమంటారు?

పాత అట్ట: 'జవనిక మఱువున'. సందేహమే లేదు. వ్యాసుడిదీ 'మాయాజవనికాచ్ఛన్నం', మాయ అనే తెర కప్పినవాడని.

అరండల్‌పేట: సందేహం ఉంది మాస్టారూ. పోతన అక్కడ ఆగలేదు. వెంటనే 'మాయా యవనికాంతరాళంబున నిలువంబడి' అన్నాడు. ఒకే వాక్యంలో జ ఒకటి, య ఒకటి. ఇప్పుడు చెప్పండి.

పాత అట్ట: అది పోతన్న చేసిందా, తాటాకు మీద ఎక్కించిన లేఖకుడి చేతివాటమా?

తెనాలి డబుల్ రోల్: లేఖకుడి మీదకి తోసెయ్యకండి. నటుడి ముందున్నది నిజం గుడ్డ, అది జవనిక. దేవుడి ముందున్నది మాయ, అది యవనిక. కావాలనే అక్షరం మార్చాడు. అయినా ఆ వచనాన్ని పైకి చదివి చూడండి, అసలు జవనిక మీద ధ్యాస నిలుస్తుందా? 'నటుని చందంబున' దగ్గర ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. పోతన పద్యాలే బట్టీపట్టి వచనాలు దాటేస్తాం, అన్యాయం.

అరండల్‌పేట: సిద్ధాంతం ముచ్చటగా ఉంది. ఆధారమే లేదు. యాత్ర జాతర అయినట్టు, యోగి జోగి అయినట్టు, యవనిక ప్రాకృతం నోట్లో పడి జవనిక అయింది. రాజశేఖరుడి కర్పూరమంజరి సట్టకం, అంటే ప్రాకృతంలో రాసే ఒక రకం నాటకం కదా, అందులో అంకాల్లేవు, నాలుగూ 'జవనికాంతరాలే'. (కాలువ గారూ, మీ అంకం ప్రశ్నకి ఇదో కొసరు.)

పాత అట్ట: మరి అమరకోశం రాసిన అమరసింహుడు ప్రాకృత కోశం రాశాడా? 'ప్రతిసీరా జవనికా స్యాత్ తిరస్కరిణీ చ సా'. సంస్కృతంలోనే జ. నా అనుమానం తిరగేసి ఉంటుంది. అసలుది జవనికే. జవం అంటే వేగం, చటుక్కున పక్కకి లాగేది. తర్వాతి పండితులు 'ఇదేదో ప్రాకృతపు జ' అనుకుని య పెట్టి దిద్దారు. దిద్దుబాటే తప్పయింది.

కృష్ణలంక: యవనిక అంటే యవనులది, గ్రీకులది అనే సంగతి ఎవరూ ఎత్తరేం? మన నాటకం గ్రీకుల దగ్గర్నుంచి వచ్చిందని ఈ ఒక్క మాట పట్టుకునే కదా వాదించారు.

పాత అట్ట: సాంప్రదాయిక గ్రీకు రంగానికి ముందు తెరే లేదండీ. లేనిది ఎలా అరువిస్తారు?

కృష్ణలంక: తెర ఇవ్వలేదు, గుడ్డ ఇచ్చి ఉండొచ్చు. ఊరి పేరు బట్టకి రావడం మనకి వింతా? మంగళగిరి అంటే చీర గుర్తొస్తుందా, కొండ గుర్తొస్తుందా?

తెనాలి డబుల్ రోల్: రెండూ. అసలు 'తెర లేచింది' అనడం కూడా పాత మాట కాదు. చుట్టి పైకి లేపే బొమ్మల తెరలు పార్శీ నాటకాలతో వచ్చాయి. అంతకుముందు ఇద్దరు చెరో కొస పట్టుకోవడమే. కూచిపూడి మనకెంత దూరం! భామాకలాపంలో సత్యభామ ముఖం కంటే ముందు జడ వస్తుంది, తెర మీదుగా. అదీ ప్రవేశం అంటే.

బందరు కాలువ: బాగుందండీ. కానీ అంకం, రంగం...

అరండల్‌పేట: కథలో పెద్ద మలుపుకి అంకం, చోటో కాలమో మారితే రంగం. కన్యాశుల్కంలో గురజాడ 'స్థలము' అన్నాడు. మొదటి అంకం, మొదటి స్థలం, విజయనగరంలో బొంకులదిబ్బ. నన్నడిగితే అదే మేలు. రంగం అంటే వేదికా, సన్నివేశమా అని పిల్లలు తికమకపడరు. 'నేపథ్యం' జోలికి మాత్రం వెళ్ళకండి. సంస్కృత నాటకంలో అది తెర వెనక వేషాలు కట్టే చోటు, ఇప్పుడు టీవీలో 'ఎన్నికల నేపథ్యంలో'.

పాత అట్ట: జవనిక సంగతి తేలలేదు.

బందరు కాలువ: ఆదివారం అయిపోయిందండీ. జ, య రెండూ వదిలేసి తెర అన్నాను. ఇద్దరు పిల్లలకి దుప్పటి ఇచ్చి పట్టుకోమన్నా. కృష్ణుడి వేషం పిల్లాడు ఆగలేక దుప్పటి ఎగరేసుకుంటూ వచ్చేశాడు. ఒకటే నవ్వులు.

అరండల్‌పేట: వాడు శాస్త్రం ప్రకారమే వచ్చాడు, 'అపటీక్షేపేణ ప్రవిశ్య', తెర విసిరేసి ప్రవేశించి అని.

పాత అట్ట: పటి అంటే గుడ్డ. గుడ్డ విసిరితే పటీక్షేపం కావాలి. ముందు ఆ 'అ' ఎందుకు?