సెకండరీ బ్రెస్ట్ క్యాన్సర్‌తో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కాస్త మాట్లాడాలి

నమస్తే అండి. ఆరేళ్ళ కింద రొమ్ము క్యాన్సర్ వచ్చి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి, ఇక పీడ విరగడైందనుకున్నా. ఈమధ్య నడుంనొప్పి ఎంతకీ తగ్గట్లేదని స్కాన్ తీయిస్తే వెన్నెముకలోకి పాకిందన్నారు. ఇది బోన్ క్యాన్సర్ కాదు, రొమ్ము క్యాన్సరే ఎముకల్లోకి వచ్చింది, ఈ తేడా ఇంట్లోవాళ్ళకి చెప్పేసరికే తలప్రాణం తోకకొచ్చింది.

నాది హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ల వల్ల పెరిగే రకం), హెర్-2 నెగటివ్ (హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేనిది). రోజూ లెట్రోజోల్ (ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గించే మాత్ర), దాంతోపాటు పాల్బోసిక్లిబ్ (క్యాన్సర్ కణాలు పెరగకుండా అడ్డుకునే మందు) 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతున్నా, ఎముకలకి జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కిస్తున్నారు. రెండో సైకిల్‌కే తెల్లకణాలు పడిపోయి పాల్బోసిక్లిబ్ డోసు 125 నుంచి 100 మిల్లీగ్రాములకి తగ్గించారు. డాక్టరుగారు ఇది మామూలే అంటున్నారు గానీ, తగ్గిస్తే మందు పనిచేయదేమోనని నా భయం నాది. మీలో ఎవరికైనా ఇలా తగ్గించారా, తర్వాత స్కాన్లు ఎలా వచ్చాయి? నీరసం మీకు ఏ వారంలో ఎక్కువ ఉంటుంది?

ఇంకోటి. "ట్రీట్‌మెంట్ ఎప్పుడు అయిపోతుంది" అని అందరూ అడుగుతారు, అవ్వదండీ, ఈ మందు పనిచేసినన్నాళ్ళు ఇదే, తర్వాత ఇంకోటి, అది ఎలా చెప్పాలో తెలీక నవ్వేసి ఊరుకుంటున్నా. జుట్టు ఊడలేదు కదా బాగానే ఉన్నావ్ అంటారు (ఊడితేనే జబ్బు అన్నట్టు!). స్కాన్ రిపోర్ట్ చేతికొచ్చేదాకా కంటిమీద కునుకుండదు. మొదటి స్టేజిలో ఉన్నవాళ్ళ దగ్గర నోరు విప్పితే వాళ్ళు బెదిరిపోతారేమోనని అక్కడా మాట్లాడలేను.

మీరెలా నెట్టుకొస్తున్నారు? పిల్లలకి ఎంతవరకు చెప్పారు? రెండు ముక్కలైనా రాయండి ప్లీజ్.