ఎర్రేరా: కమ్మరి ఇంటిపేరా, ఊరి పేరా?

కొలిమితిత్తి: స్పానిష్‌లో 'ఎర్రేరో' అంటే కమ్మరి. లాటిన్ 'ఫెర్రారియుస్' నుంచి వచ్చింది. దాని ఆడ రూపం 'ఎర్రేరా'. ఎర్రేరా ఇంటిపేరున్నవాళ్లంతా కమ్మరి సంతతే. ఇందులో చర్చకేముంది?

దస్త్రాలపురుగు: చాలా ఉందండీ. ఎర్రేరాకు మూలం 'ఫెర్రారియా', అంటే ఇనుప గనో కొలిమో ఉన్న చోటు. ఆ పేరుతో స్పెయిన్‌లో ఊళ్లే ఉన్నాయి: పాలెన్సియాలో ఎర్రేరా దె పిసుయెర్గా, బదహోస్‌లో ఎర్రేరా దెల్ దూకె. ఎల్ ఎస్కోరియల్ రాజభవనం కట్టిన వాస్తుశిల్పి హువాన్ దె ఎర్రేరా పేరులో ఆ 'దె' ఏమిటి? 'ఫలానా ఊరి' అని. కమ్మరికి 'దె' దేనికి?

గోడమీదపిల్లి: ఇన్నాళ్లూ హెరేరా అనుకున్నా 😅

దస్త్రాలపురుగు: హెచ్ పలకరు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు రాసిన పాత చర్చి పుస్తకాల్లో చాలాచోట్ల రాయరు కూడా. హెచ్ లేకుండా, ఎఫ్‌తో, రెండు రకాలుగానూ వెతక్కపోతే తరాలు జారిపోతాయి. కాస్తిలియన్‌లో, అంటే మనం స్పానిష్ అనే భాషలో పోయిన ఆ 'ఫ' గలీసియా ఫెర్రేయిరోలో, కాటలాన్ ఫెర్రేలో ఇంకా ఉంది.

కొలిమితిత్తి: 'దె' పట్టుకుని వేలాడకండి. తండ్రి ఎర్రేరో అయితే కూతుర్ని చర్చి పుస్తకంలో ఎర్రేరా అని రాసిన రోజులున్నాయి. పిల్లలు తల్లి పేరు పెట్టుకోవడమూ మామూలే. చిత్రకారుడు వెలాస్కెస్‌ది తల్లి ఇంటిపేరే కదా.

దస్త్రాలపురుగు: కొందరి సంగతి అది. మీరన్నది 'అంతా' అని. సివిల్ రిజిస్టర్, అంటే స్పెయిన్ ప్రభుత్వ జనన మరణాల నమోదు, 1871లో మొదలైంది. జనన నమోదుకు సారాంశం కాదు, పూర్తి నకలు అడగాలి; తాతలు, నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు అందులోనే దొరుకుతాయి. అక్కణ్ణుంచి వెనక్కి చర్చి పుస్తకాలే.

కొలిమితిత్తి: 1750ల నాటి ఎన్సెనాదా సర్వే, పన్నుల కోసం ఊరూరా ఆస్తులు, ఆదాయాలు రాయించినది, వదిలేశారే? 40 ప్రశ్నల్లో 33వది ఊళ్లోని చేతివృత్తుల గురించే. అందులో కమ్మరి పని చేసే ఎర్రేరా దొరికితే ఏమంటారు?

దస్త్రాలపురుగు: ఏమీ తేలదంటాను. అప్పటికి ఇంటిపేర్లు గట్టిపడి ఎన్నో తరాలు. పైగా అరగాన్, నవార్, బాస్క్ ప్రాంతాలు ఆ సర్వేలో లేవు.

గోడమీదపిల్లి: ఎర్నాందెస్ కూడా ఇనుమేనా?

దస్త్రాలపురుగు: కాదు. ఎర్నాందో కొడుకు అని.

కొలిమితిత్తి: అసలు విషయం చెప్పనా? కమ్మరి తాత అంటే మీకు నామోషీ. ఊరంటే దొరతనం, కొలిమంటే మసి! వంశచిహ్నాలమ్మే దుకాణాలదీ ఇదే వరస, ప్రతి ఎర్రేరాకీ ఓ కోట, ఓ డాలు.

దస్త్రాలపురుగు: ఆ దుకాణాలంటే నాకూ ఒళ్లు మంటే. చిహ్నం ఫలానా వంశానిది, ఇంటిపేరుది కాదు. 'దె' ఉంటే దొర అని నేనెక్కడన్నాను? పొట్ట చేతపట్టుకుని ఊరు వదిలిన కూలికీ 'దె' తగిలించేవారు. మీరు మాట పుట్టుక చెబుతున్నారు, నేను మనిషి పుట్టుక అడుగుతున్నాను.

కొలిమితిత్తి: సరే, ఆ ఊరికి ఆ పేరు ఎవరి పని చూసి పెట్టారు?

దస్త్రాలపురుగు: ఇనుప పని చూసే. కానీ ఆ ఊళ్లో గొర్రెలు కాసినవాడు పొరుగూరికి పోయినా ఎర్రేరానే అయ్యాడు.