బైపాస్ అయిన అమ్మ ఈ సంక్రాంతికి అరిసెలు వండొచ్చా?

కొత్తపేట కుర్రాడు:
అమ్మకు 61 ఏళ్లు. అక్టోబరు 29న బైపాస్ అయింది. మూడు నెలల దాకా బరువులెత్తొద్దు, చేతులతో గట్టిగా లాగే పనులు, నెట్టే పనులు చేయొద్దని డాక్టరుగారు చెప్పారు. జనవరి 14 భోగి. అప్పటికి సరిగ్గా 11 వారాలు. ఇప్పుడు రోజూ పొద్దున్నే అరగంట నడుస్తోంది, మొహంలో కళ వచ్చింది. నిన్న ఫోన్లో "బియ్యం నానబోస్తాను, అరిసెలు నేనే వండుతాను" అంది. అక్కలిద్దరూ పిల్లలతో వస్తున్నారు, హైదరాబాద్ నుంచి మేమూ వెళ్తున్నాం. మొత్తం 13 మందిమి. నేను వద్దన్నాను. పెద్దక్క వండనివ్వమంటోంది. మీరేమంటారు?

గోదారి గట్టు:
వండనివ్వు బాబూ. నాకు 2019లో బైపాస్ అయింది. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పారు. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా పండగనాడు కొబ్బరికాయ కొట్టేది నేను. ఆ రోజు మా అబ్బాయి కొట్టాడు, నన్ను ఒక్క మాట అడగలేదు. ఆపరేషన్ నొప్పి మరిచిపోయాను గానీ అది మరవలేదు. పైగా మీ అమ్మగారికి 11 వారాలు నిండుతున్నాయి. మూడు నెలలకు ఎంత తక్కువ?

రెండో కోడలు:
గట్టుగారూ, మీరెప్పుడైనా అరిసెలు వండారా? పాకం చుక్క నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. వెంటనే దించి, ఒకరు తడిపిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో కలుపుతూనే ఉండాలి. రెండు కేజీల చలిమిడి బిగుసుకుంటుంటే భుజాలు పడిపోతాయి. నూనెలోంచి తీసిన ప్రతి అరిసెనీ చెక్కల మధ్య పెట్టి నూనె కారేదాకా నొక్కాలి. ఆ బలమంతా రొమ్ము మీదే పడుతుంది. కోసిన రొమ్ము ఎముకను తీగలతో కట్టి పంపిన మనిషి చేసే పనా అది? కాలి నుంచి రక్తనాళం తీసి ఉంటే పొయ్యి దగ్గర నిలబడేసరికి ఆ కాలు వాస్తుంది కూడా.

విజయనగరం వెంకట్:
కొనేస్తే పోతుందిగా. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా అందరూ కొనే తింటున్నారు.

గోదారి గట్టు:
కొన్నవి పండగ అరిసెలు కావు. అమ్మా, మీరు నొక్కడం గురించే మాట్లాడుతున్నారు. ఆరు వారాలకే చిన్న చిన్న పనులు చేసుకోమని నాకు మా డాక్టరు చెప్పారు.

రెండో కోడలు:
చిన్న పనులు అన్నారు. మూడు నెలలంటే జనవరి 29. అరిసెలు భోగికి వారం ముందే వండుతారు, అంటే పదో వారం. లెక్క మీరే వేసుకోండి.

గోదారి గట్టు:
క్యాలెండరు పట్టుకుని మనిషిని మంచానికి కట్టేస్తారా? మీలాంటి వాళ్ల వల్లే బాగైన వాళ్లు కూడా రోగుల్లా మిగిలిపోతున్నారు.

రెండో కోడలు:
మీలాంటి వాళ్ల వల్ల నాకేమైందో చెప్తాను. గర్భసంచి ఆపరేషన్ అయిన ఏడో వారంలో సంక్రాంతి వచ్చింది. 18 మందికి వండాను. ఎవరూ బలవంతపెట్టలేదు. "లేచి తిరుగుతున్నావుగా" అన్నారు, నేను "పర్లేదు" అన్నాను. కనుమ రోజు రాత్రి బ్లీడింగ్ అయింది. మీకు కాయ కొట్టాలని ఉంది, అడ్డుపడ్డారు. నాకు పడుకోవాలని ఉంది, ఎవరూ అడగలేదు. రెండూ ఒకటి కాదు.

గోదారి గట్టు:
అమ్మా, ఇది ముందే చెప్పి ఉంటే అంత మాట అనేవాణ్ణి కాదు. బాబూ, మీ అమ్మగారికి నిజంగా వండాలనే ఉందా, వండక తప్పదనుకుంటోందా? అది అడిగావా?

ఖమ్మం శ్రీను:
మందుల సంగతి కూడా చూసుకోండి. పండగ హడావిడిలో మా నాన్నకి రెండు పూటలు మాత్ర వేయడం మరిచిపోయాం.

కొత్తపేట కుర్రాడు:
అడగలేదు. ఇప్పుడే ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఆపరేషన్ అయి వచ్చినప్పుడు వీధి వీధంతా వచ్చి నన్ను చూసి ఏడ్చి వెళ్లారురా. ఇంటింటికీ అరిసెలు పంపితే గానీ నేను లేచానని నమ్మరు." పిల్లల కోసం అనుకున్నాను, కాదు. పాకం చూడటం తన పని, కలపడం అక్కది, చెక్కలు నొక్కేది నేను. కుర్చీలో కూర్చునే చెప్తానని ఒప్పుకుంది.

రెండో కోడలు:
అరిసెలు ఒక్క రోజు పని. మూడు రోజులు 13 మందికి కాఫీలు, టిఫిన్లు, గిన్నెలు? బయల్దేరేలోపే ఎవరు ఏది చేయాలో రాసుకోండి. లేకపోతే తెల్లవారుజామున అందరికంటే ముందు లేచేది ఆవిడే.

కొత్తపేట కుర్రాడు:
రాస్తాను. ఈ రాత్రికే అక్కలతో మాట్లాడతాను.

గోదారి గట్టు:
వీధిలో పంచడానికి మాత్రం ఆవిడనే వెళ్లనివ్వు. అరిసెల పళ్లెం ఏమంత బరువు కాదు.

రెండో కోడలు:
పళ్లెం మీరు పట్టుకోండి తమ్ముడూ. ఆవిడ ముందు నడుస్తారు.